ఎన్‌క్రుమా 'ఘానా': 1957 దగ్గర ఆగిన ఆత్మకథ

గోల్డ్‌కోస్ట్ ఉద్యమ నాయకుడు క్వామే ఎన్‌క్రుమా ఆత్మకథ 'ఘానా'ను ఈ పాఠంలో పరిశీలిద్దాం. చదవబోయే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ పుస్తకం 1957లో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సందర్భంలో వెలువడింది. రచయిత అప్పటికే ప్రధానమంత్రి. నెహ్రూ ఆత్మకథ జైల్లో రాసినది, 1936లో అచ్చయింది. అధికారం చేతిలో లేని మనిషి తనను తాను ప్రశ్నించుకుంటూ రాసినది. ఎన్‌క్రుమా రచనలో ఆ ఆత్మపరిశీలన తక్కువ. గెలిచిన మనిషి తన గెలుపును వివరిస్తున్నాడు.

పుస్తకంలో బలమైన భాగం అమెరికా జీవితం. 1935 నుంచి పదేళ్లు అక్కడే ఉన్నారు. లింకన్ విశ్వవిద్యాలయంలో చదువు, హార్లెమ్ వీధుల్లో చేపల అమ్మకం, ఓడల్లో అంట్లు తోమే పని, గది అద్దెకు డబ్బు లేక భూగర్భ రైల్లో అటూ ఇటూ తిరుగుతూ గడిపిన రాత్రులు. ఎక్కడా తనమీద తాను జాలిపడడు. జైలు ఘట్టం కూడా అంతే. 1950లో 'పాజిటివ్ యాక్షన్' నడిపినందుకు జేమ్స్ ఫోర్ట్‌లో పెట్టారు. గాంధీజీ పద్ధతులను తలచుకుని రూపొందించిన ఉద్యమమది. మరుగుదొడ్డి కాగితంమీద పెన్సిలు ముక్కతో పార్టీకి ఆదేశాలు రాసి బయటకు పంపేవారు. 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో జైలు నుంచే పోటీచేసి, అక్రా సెంట్రల్‌లో పోలైన 23,122 ఓట్లలో 22,780 సాధించారు. ఖైదు చేసిన ప్రభుత్వమే విడిచిపెట్టి, మంత్రివర్గ బాధ్యత అప్పగించింది. గవర్నరు ఆర్డెన్-క్లార్క్‌తో తొలి సమావేశంలో ఇద్దరి మధ్యా ఉన్న అనుమానాన్ని ఆయన దాచలేదు.

ప్రత్యర్థుల గురించి రాసేటప్పుడు మాత్రం ఈ నిజాయితీ పలుచబడుతుంది. 1954లో ప్రభుత్వం కోకో రైతుకు 60 పౌన్ల బస్తాకు 72 షిల్లింగులు చొప్పున ధర కట్టేసింది. ప్రపంచ విపణిలో ధర అంతకంటే చాలా ఎక్కువ. మిగులు దేశాభివృద్ధికి, ధరల అదుపుకు అన్నది ఎన్‌క్రుమా వాదన; అది తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. అయినా కుమాసిలో నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్ పుట్టడానికి ఆ ధర ఒక ముఖ్య కారణం. ఆ రైతు గొంతు పుస్తకంలో మనకు సరిగా వినిపించదు. అశాంతి కనిపిస్తుంది, ప్రాంతీయతత్వం కనిపిస్తుంది, అంతే. నిజమే, 1955 నవంబరులో ఆయన ఇంటిమీదే బాంబు దాడి జరిగింది. భయానికి కారణం లేకపోలేదు.

మన విద్యార్థులు చాలామంది ముందుమాట వదిలేసి నేరుగా మొదటి అధ్యాయానికి వెళ్తారు. ఇక్కడ ఆ పని చేయకండి. ప్రజాస్వామిక రాజ్యాంగం ఉన్న ప్రభుత్వానికి కూడా స్వాతంత్ర్యం తర్వాతి కాలంలో నిరంకుశ స్వభావం గల అత్యవసర చర్యలు అవసరం కావచ్చునని రచయిత ముందుమాటలోనే అంటారు. నా దృష్టిలో పుస్తకం మొత్తానికి కీలకమైన వాక్యం అదే. మరుసటి ఏడాదే, 1958లో, విచారణ లేకుండా అయిదేళ్ల వరకు నిర్బంధించే చట్టం వచ్చింది. (మన దేశంలోనూ 1950లోనే ముందస్తు నిర్బంధ చట్టం చేశామని మరవకండి.)

ఎన్‌క్రుమాను 1947లో లండన్ నుంచి స్వదేశానికి పిలిపించింది యునైటెడ్ గోల్డ్‌కోస్ట్ కన్వెన్షన్. ఆయన పేరు సూచించినవాడు అకో అజేయ్. ఆ సంస్థ ప్రముఖుడు జె. బి. డాంక్వా. 1962 హత్యాయత్నం కేసులో అజేయ్‌ను అరెస్టు చేశారు. ప్రత్యేక న్యాయస్థానం 1963 డిసెంబరులో ఆయనను నిర్దోషిగా తేల్చితే, ఎన్‌క్రుమా ప్రధాన న్యాయమూర్తి ఆర్కు కోర్సాను తొలగించి ఆ తీర్పును చెల్లకుండా చేశారు. డాంక్వా విచారణ లేని నిర్బంధంలోనే 1965 ఫిబ్రవరిలో మరణించారు.

అలాగని ఎన్‌క్రుమా మొదటినుంచీ నియంతే అని తేల్చే విమర్శకులతో నేను ఏకీభవించను. 1956 ఎన్నికల్లో ఆయన పార్టీ 104 స్థానాల్లో 71 గెలిచింది. ప్రజల మద్దతు కల్పితం కాదు. 1966 ఫిబ్రవరి 24న, ఆయన చైనాలో ఉండగా, సైన్యం పదవి నుంచి దింపింది. ప్రవాసంలో ఉంటూ 1972లో బుకారెస్ట్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు ముందుమాటను, జైలు అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదవండి. జేమ్స్ ఫోర్ట్‌లో ఖైదీగా ఉన్న ఎన్‌క్రుమా ఆ ముందుమాటను ఒప్పుకునేవాడా? మీ జవాబును పుస్తకంలోని ఆధారాలతో రాయండి.