కంచ: అడవికీ బంజరుకూ మధ్య ఒక మాట

టి.ఎన్. గోదావర్మన్ వ్యాజ్యంలో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు 'అడవి' అనే మాటను నిఘంటు అర్థంలో గ్రహించాలని ఆదేశించింది. భూమి భవితవ్యాన్ని నిఘంటువుకు అప్పగించిన తీర్పు అది. అయితే ఏ భాష నిఘంటువుకు? 2025 నాటి కంచ గచ్చిబౌలి వివాదం లేవనెత్తిన ఈ ప్రశ్నకు న్యాయవాదుల కన్నా ముందు భాషాధ్యయనకారులు సమాధానం చెప్పవలసి ఉంది.

హైటెక్ సిటీకి చేరువలో, హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న 400 ఎకరాలు తన రెవెన్యూ భూమి అని ప్రభుత్వం వాదించింది. అది అడవి అని విద్యార్థులు ఎదురు నిలిచారు. మార్చి నెలాఖరున యంత్రాలు చెట్లను కూల్చగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఈ వాదోపవాదాల్లో ప్రధానంగా వినిపించినవి ఆ రెండు మాటలే. ఊరి పేరులోనే ఉన్న మూడో మాటను పలికినవారు చాలామందే, అర్థం అడిగినవారు అరుదు. కోస్తా పాఠకునికి కంచె అంటే ముళ్లదడి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే పొదల నేల; గొల్లకురుమల మందలకు మేత, ఊరికి వంటచెరకు, కాలానికి సీతాఫలాలు ఇచ్చే చోటు. పొలం కాదు, కీకారణ్యమూ కాదు. 'బంజరు' అన్నది శిస్తు లెక్కల మాట. నేలమీద ఏది లేదో చెబుతుందే గాని ఏమున్నదో చెప్పదు.

నిరసన స్వరాల్లో నెమలి, జింక ముందుకు రావడం సహజం. జనాన్ని కదిలించినవి అవే. కానీ ఆ ఎంపికలో మన కావ్యసంస్కారం పాత్ర లేకపోలేదు. నక్షత్ర తాబేలుకు, ఇదే ప్రాంగణంలో గుర్తించి నగరం పేరే పెట్టిన 'ముర్రీసియా హైదరాబాదెన్సిస్' అనే సాలీడుకు కవిసమయం ఎక్కడిది? పైగా ఈ ప్రాంగణంలోనే ఇనుప యుగపు బృహత్ శిలా సమాధులు బయల్పడ్డాయి. మనిషి అడుగు పడని ప్రకృతి అనే ఊహ, పర్యావరణ విమర్శలో మనం తరచు అరువు తెచ్చుకునేది, ఇక్కడ నిలవదు. కంచ మనిషితో, మందతో కలిసి రూపుదిద్దుకున్న నేల. దాన్ని అచ్చమైన అడవిగా నిరూపించబోతే పశువుల కాపరి చరిత్ర చెరిగిపోతుంది. నిరూపించలేకపోతే నేలే పోతుంది.

నగరం దక్షిణాన ఇమారత్ కంచ ఉంది. అక్కడి రక్షణ పరిశోధన కేంద్రం చిరునామా విజ్ఞానకంచ. ప్రహరీ వెనుక ఉన్న ఆ కంచను ఏ అర్థంలో చదవాలో నిఘంటుకారులే చెప్పాలి.