కోట లేని రాజధాని

బొంబాయి రహదారిపై లారీలు ఎడతెగక సాగు పటాన్‌చెరులో, ఔషధ కర్మాగారముల చెంత, వేయి సంవత్సరముల క్రిందట పశ్చిమ చాళుక్య చక్రవర్తి కొలువుదీరియుండెనని చెప్పినప్పుడెల్ల, వినువారు కోట యెక్కడనని అడుగుచుందురు. రాజమందిరపు గోడ యొక్కటియైనను నేను వారికి చూపజాలను. అయినను ఆ కొలువు సత్యమని నిస్సంశయముగా పలుకగలుగుచున్నానన్న, అది నేను మిక్కిలి ప్రీతితో అభ్యసించు శాసన ముద్రణ విద్య చలువయే.

1015 మొదలు సుమారు 1043 వరకు ఏలిన ఆ చాళుక్య చక్రవర్తి జగదేకమల్ల జయసింహునికి పొట్టలకెరె నెలవీడు, అనగా కొలువుండు పట్టణము. ఆ పొట్టలకెరెయే పటాన్‌చెరని చరిత్రకారుల నిర్ణయము. ఎక్కడనో ఒక గుడికి పొలమునో, అఖండదీపమునకు నూనెనో సమర్పించిన దాత, తన దానమునకు ప్రామాణ్యము కలుగుటకై, మొదట చక్రవర్తి బిరుదములను, ఆయన ఏ నెలవీటనుండి రాజ్యము చేయుచుండెనో ఆ నెలవీటి పేరును, పిదప శకవర్షమును, తిథిని రాతిపై శాసనముగా చెక్కించుచుండెను. ప్రభువు కట్టించుకొన్న మందిరము మాసిపోయినది. పరుల దీపపు లెక్కలో ఆయన నివాసము నిలిచినది. జయసింహుని కుమారుడు సోమేశ్వరుడు రాజధానిని కల్యాణమునకు మరల్చెను. పటాన్‌చెరున దొరకిన జైన శిల్పములు కొన్ని నేడు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నవి. ఆ నల్లరాతి నునుపును చూచినవారికి ఈ ఊరి పూర్వవైభవమును వేరుగా వర్ణింపనక్కరలేదు.

ఇట్టి శాసనములకు కాగితముపై ముద్ర తీయుటకు తొందర పనికిరాదు. రాతిని నీటితో కడిగి, అక్షరపు గాట్లలోని మట్టిని మెత్తగా తొలగించి, తడిపిన కాగితమును పరచి, కుచ్చు బ్రష్షుతో సమముగా కొట్టుచు పోగా, కాగితము ప్రతి గాటిలోనికి దిగును. అది కొంత ఆరిన పిమ్మట మసిసిరా అద్దిన గుడ్డమెత్తతో పైపైన తట్టినచో, నల్లని నేలపై అక్షరములు తెల్లగా లేచును. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఉత్త బండవలె తోచిన రాయి, సాయంకాలపు ఏటవాలు వెలుగులో పంక్తులు పంక్తులుగా కనబడుటను చూచినకొలది నాకు తనివితీరదు. వంకరపోయిన ఒక అక్షరము ముందు గంటలకొలది కూర్చుండుటకు నేనెన్నడును విసుగుచెందలేదు.

కావున నా మనవి ఒక్కటే. మీ చెరువుకట్ట మీదనో, గుడి ముందరనో రాతల రాయి ఉన్నచో దానికి సున్నము కొట్టకుడు, ఆయిల్ పెయింటు పూయకుడు. జీర్ణోద్ధారణ పేర యంత్రముతో ఇసుక చిమ్మి గుడిరాళ్లను మెరిపింప జూచువారిని వారింపుడు, ఏలన ఆ ఇసుక అక్షరమును అరగదీయును. ఆ రాయి సంగతి పురావస్తు శాఖకు తెలియజేయుడు.