బాటమ్ ఎంత పెట్టమంటావు?

పోయిన ఆదివారం మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. బస్సు దిగి ఇంట్లోకి నడిచొస్తుంటే ఆమెతోపాటు వీధి దుమ్మంతా లోపలికొచ్చింది. వేసుకున్న జీన్స్ ఒక్కో కాలులో ఇద్దరు దూరొచ్చు. కిందంచు చెప్పులు దాటి నేలను ఊడుస్తోంది. మడమ కింద పడి నలిగినచోట చిరిగి, దారాలు కుచ్చుల్లా వేలాడుతున్నాయి.

"ఇట్లా ఇవ్వమ్మా, రెండంగుళాలు కత్తిరించి కుట్టించుకొస్తా" అన్నాను.

"కత్తిరించావంటే నీతో మాట్లాడను నాన్నా. అలా పడితేనే అందం."

రాత్రి ఆమె పడుకున్నాక కుట్టుపెట్టెలోంచి టేపు తీసి బాటమ్ కొలిచాను. 24 అంగుళాలు. మా టైలరు మామ గుర్తొచ్చాడు.

మామ భాషలో ఫ్యాషన్ అంటే ఒక అంకె. ప్యాంటు కుట్టించుకోను ఎవరు పోయినా ఆయన అడిగేది ఒకటే: "బాటమ్ ఎంత పెట్టమంటావు?" బెల్‌బాటమ్ రోజుల్లో మా చిన్నాయనకు 28 పెట్టాడట. నేను పోయేసరికి అది సగానికి దిగింది. 'శివ' సినిమా వచ్చిన 1989లో నేను అనంతపురంలో ఇంటర్ చదువుతున్నాను. హాస్టల్లో ఎవరికైనా జీన్స్ ఉందంటే అది వాడి ఒక్కడిదీ కాదు, వరండాలో ఉన్నవాళ్లందరిదీ. ఫొటో దిగాలన్నా, సినిమాకు పోవాలన్నా వంతులు. అట్లాంటి కాలంలో, బెంగళూరులో ఉద్యోగం చేసే మా పెద్దమ్మ కొడుకు కొనుక్కున్న కొత్త జీన్స్ నడుము పట్టక నా పాలబడింది. నడుము సరిపోయింది గానీ పొడవు నాలుగంగుళాలు ఎక్కువ.

మామ దాన్ని చేత్తో పట్టుకుని బరువు చూశాడు. "ఇది గుడ్డ కాదప్పా, గోనెసంచి" అన్నాడు. 14 పెట్టమన్నాను. కాలు దూరదన్నాడు. దూరుస్తానన్నాను. కిందంచు మడిచి కుడుతుంటే, పక్కకుట్టు దాటేచోట సూది టప్పున విరిగింది. అక్కడ గుడ్డ మడత మీద మడత పడి వేలెడు మందమవుతుంది. రెండో సూదీ విరిగాక మామ లేచి, ఆ మడతను గడప రాయి మీద పెట్టి, చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. మందం అణిగింది. తర్వాత తొక్కుడు మానేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ దాటించాడు. నేటికీ ఏ ఆల్ట్రేషన్ కొట్టులోనైనా జీన్స్ ఇస్తే సుత్తి దెబ్బ వినిపిస్తుంది.

కత్తిరించిన ముక్కలోంచి ఒక నీలం పోగు లాగి గోటితో గీకి చూపించాడు. లోపల తెలుపు. పడుగు నీలం, పేక తెలుపు. ఆ పడుగునూలును నీలిమందులో ముంచి, గాలికి ఆరబెట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్నిసార్లు ముంచినా రంగు పోగు పైపొరకే పడుతుంది గానీ నడిమికి దిగదు. అందుకే మోకాలు వంగినచోట, పర్సు ఒత్తుకున్నచోట, సైకిల్ సీటు రాసుకున్నచోట పైపొర పోయి తెలుపు బయటపడుతుంది. ఇంకో బట్ట వెలిస్తే పాతబడిందంటాం. జీన్స్ వెలిస్తే మనదైందంటాం.

ఆ నీలం మనకు కొత్తదేం కాదు. మా కడప, కర్నూలు, నెల్లూరు సీమల్లో ఒకప్పుడు నీలిమందు పండించి, మద్రాసు మీదుగా ఓడలకెక్కించారు. 1897లో జర్మనీవాళ్లు కృత్రిమ నీలిని అమ్మకానికి తెచ్చాక ఆ పంట కూలిపోయింది. ఇప్పుడు జీన్సుల్లో కనబడే నీలం దాదాపు అంతా ఆ కృత్రిమ నీలిదే.

కత్తిరించిన ముక్కలు మామ పారేయలేదు. కాగితంలో చుట్టి ఇచ్చాడు. "మీ అమ్మకియ్యి. రేపు మోకాలు చిరిగితే అతుకు కావల్ల." అమ్మ వాటిని బిస్కెట్ల డబ్బాలో, గుండీల కింద దాచింది.

మామకు బాగా కలిసొచ్చిన ఏడాది 1995. అహ్మదాబాద్ అరవింద్ మిల్స్ వాళ్లు 'రఫ్ అండ్ టఫ్' అని ఒక ప్యాకెట్ తెచ్చారు. అందులో డెనిమ్ గుడ్డ, జిప్పు, రివెట్లు, వెనక అతికించే లేబులు ఉండేవి. ధర రెండు వందల లోపే. ప్యాకెట్ కొనుక్కుని టైలరు దగ్గరికి పోతే జీన్స్ తయారు. అప్పటికి షోరూముల్లో కంపెనీ జీన్స్ రేటు చూసి బయటి నుంచే తిరిగొచ్చిన మాలాంటివాళ్లకు అది పండగ. మామ ఇటుక రంగు దారపు ఉండలు డజన్ల లెక్కన తెప్పించాడు, లావు సూదులు కొన్నాడు, జంట కుట్టు గీతల్లో వంకర రాకుండా స్కేలు పెట్టి సుద్దతో గీసుకున్నాడు. అప్పుడు బాటమ్ 20, ప్యారలల్ కట్. నాకు కుట్టిన జీన్స్ వేసుకుని హైదరాబాదులో ఇంటర్వ్యూకు పోతే, పక్కన కూర్చున్నతను ఏ కంపెనీదని అడిగాడు. మామ పేరు చెప్పలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

తర్వాత రెడీమేడ్ వరదొచ్చింది. లో వెయిస్ట్ వచ్చి, వంగితే భయపడే రోజులొచ్చాయి. స్కిన్నీ వచ్చి బాటమ్ 12కు దిగింది. మామకు మిగిలింది కింద కత్తిరించి కుట్టే పని ఒక్కటే. అదీ "ఒరిజినల్ అంచు ఉంచి కుట్టు" అనే షరతు మీద.

మాకు గంట దూరంలో రాయదుర్గం. సరిహద్దుకు అటువైపు బళ్లారి. ఇప్పుడు ఆ రెండూ జీన్స్ ఊళ్లే. రాయదుర్గంలో కొన్ని వీధుల్లో నడిస్తే ఇంటింటా కుట్టుమిషన్ల చప్పుడే. ఒకరు జేబులే కుడతారు, ఒకరు నడుముపట్టీలే, ఇంకొకరు కిందంచులే. అరుగుల మీద ఆడవాళ్లు మిగిలిన దారాలు కత్తిరిస్తుంటారు. కూలి పీసు లెక్కన. కుట్టిన సరుకు వాషింగుకు పోతుంది. తొడ మీద, మోకాలి వెనక తెల్లటి చారల కోసం ఎవరో ఒక కుర్రాడు ఉప్పుకాగితంతో రుద్దుతాడు. నాకు మూడేళ్లు సైకిల్ తొక్కితే పడిన చారలు అవి. ఆ కుర్రాడి చేతిలో మూడు నిమిషాల్లో పడతాయి. ఎగతాళికి అనడం లేదు. మన జీన్స్ మీది పాతదనం ఒకరి చేతులు నొప్పెట్టగా వచ్చిందని చెబుతున్నాను, అంతే.

అసలు జీన్స్ పుట్టిందే ఒక దర్జీ ఇంట్లో. అమెరికాలో నెవాడా రాష్ట్రం రెనో ఊళ్లో జేకబ్ డేవిస్ అని ఒక దర్జీ ఉండేవాడు. కట్టెలు కొట్టే మొగుడి ప్యాంట్లు ఆగడం లేదు, గట్టిగా కుట్టిపెట్టమని ఒకావిడ వచ్చింది. డేవిస్ గుర్రపు సామగ్రికి వాడే రాగి రివెట్లను జేబు మూలలకు కొట్టాడు. పేటెంటుకు డబ్బు చాలక, తనకు గుడ్డ అమ్మే లెవీ స్ట్రాస్‌ను భాగస్వామిగా కలుపుకున్నాడు. 1873 మే 20న పేటెంటు వచ్చింది. గుడ్డలమ్మినాయన పేరు లోకమంతా నడుముల మీదికెక్కింది. సుత్తి పట్టిన దర్జీ పేరు ఎంతమందికి తెలుసు? ఇంటర్వ్యూ రోజున నేను చేసిందీ అదే కదా.

మర్నాడు పొద్దున అమ్మాయిని వెంటబెట్టుకుని మామ కొట్టుకు పోయాను. అమ్మ డబ్బా అడుగు నుంచి ఆ ముక్కలు తీసి జేబులో వేసుకున్నాను. మామ కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. మిషన్ మీద కొడుకు కూర్చుంటున్నాడు.

"నరకమంటావా?" అన్నాడు మామ జీన్స్ చూసి.

"వద్దు తాతా, చిరిగినకాడ అతుకేస్తే చాలు."

బాటమ్ వెడల్పు జేనతో కొలుచుకున్నాడు. "ఇరవైనాలుగా! మళ్లొచ్చిందన్నమాట." నేనిచ్చిన ముక్కను వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముప్పై ఏళ్లు దాటినా ఎండా నీళ్లూ సోకక, అమ్మాయి వెలిసిన జీన్స్ పక్కన అది నల్లగా కనబడింది. రంగు కలవదని నేను నసిగాను. "కలవకపోతేనే బాగుంటుంది" అంది అమ్మాయి.

మామ కొడుకును లేపి తనే కూర్చున్నాడు. గడప రాయి మీద సుత్తి నాలుగుసార్లు పడింది. అంచు తిరిగేచోట సూది టప్పున విరిగింది. మామ నావైపు చూసి, ఇంకో సూది ఎక్కించాడు.