ఆస్ట్రేలియా చలికాలపు పరుగు

ఆస్ట్రేలియాలో చలికాలమంటే జూన్, జూలై, ఆగస్టు నెలలు. తెలుగునాట ఆషాఢ శ్రావణాల ముసురు పట్టే రోజుల్లో అక్కడ పొద్దు ఆలస్యంగా పొడిచి, పెందలాడే గూకుతుంది. దూరపు పరుగుకు ఆ దేశంలో అసలు రుతువు ఇదే. ట్రాక్ పోటీలు వేసవివి. పార్కుల్లో, పచ్చికబయళ్లలో, అడవిబాటల్లో సాగే క్రాస్‌కంట్రీ పోటీలు, రోడ్డు రిలేలు, మారథాన్ల సన్నాహాలు చలికాలానివి. నడివేసవిలో అడిలైడ్, మెల్‌బోర్న్ నగరాల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు పరుగెత్తే ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోవడం కష్టం. పది డిగ్రీల చల్లగాలిలో ఆ వేడి ఇట్టే వదులుతుంది. అంతే శ్రమతో ఎక్కువ దూరం పోవచ్చు. ఏడాది పొడుగునా అక్కరకొచ్చే సత్తువను అక్కడి రన్నర్లు ఈ మూడు నెలల్లోనే కూడబెట్టుకుంటారు.

చలి తీరు

దేశం పెద్దది కాబట్టి చలి ఊరికో తీరుగా ఉంటుంది. జూలైలో కాన్‌బెర్రాలో తెల్లవారుజాము సగటు ఉష్ణోగ్రత సున్నాకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో గట్టి చలిరోజుల్లో మాత్రమే కనిపించే చలి అక్కడ వారాల తరబడి నిలుస్తుంది. గడ్డిమీద మంచు తెల్లగా పేరుకుంటుంది. జూలై కనిష్ఠం సగటున హోబర్ట్‌లో 5 డిగ్రీల దరిదాపుల్లో, మెల్‌బోర్న్‌లో 6–7, సిడ్నీ, పెర్త్ నగరాల్లో 8, బ్రిస్బేన్‌లో 10 ఉంటుంది. మధ్యాహ్నానికి మెల్‌బోర్న్ 14 డిగ్రీలకు, సిడ్నీ 17కు, బ్రిస్బేన్ 22కు చేరుతాయి. ఉత్తరాన డార్విన్‌లో ఇది వానల్లేని హాయైన కాలం. అక్కడివారు బయట పరుగెత్తడానికి ఈ నెలల కోసమే ఎదురుచూస్తారు.

ఈ అంకెలు చూస్తే యూరప్, కెనడాల చలి ముందు ఇది ఏపాటి అనిపిస్తుంది. ఇబ్బంది పెట్టేది చలికి తోడయ్యే గాలి, తడి, చీకటి. దక్షిణ మహాసముద్రం మీదుగా వచ్చే శీతల వాయుప్రవాహాలు మెల్‌బోర్న్‌ను తాకినప్పుడు, అప్పటిదాకా ఉత్తరం నుంచి వీచిన గాలి నైరుతికి మళ్లుతుంది. కొద్ది నిమిషాల్లోనే ఒళ్లు జిల్లుమంటుంది, వెంటే జల్లు పడుతుంది. పెర్త్‌లో ఏడాది వానలో ఎక్కువ భాగం చలికాలపు నెలల్లోనే కురుస్తుంది. జూన్ చివరివారంలో మెల్‌బోర్న్‌లో సూర్యోదయం ఉదయం 7:35 ప్రాంతంలో, సూర్యాస్తమయం సాయంత్రం 5:10 ప్రాంతంలోనే. ఉద్యోగానికి వెళ్లేవారు పొద్దున పరుగెత్తినా సాయంత్రం పరుగెత్తినా చీకట్లోనే పరుగెత్తాలి.

పోటీలే నడిపే రుతువు

ఇంగ్లండ్ నుంచి వచ్చిన హారియర్స్ క్లబ్బుల అలవాటు 19వ శతాబ్దం చివరినాటికే ఆస్ట్రేలియా నగరాల్లో నాటుకుంది. క్లబ్బు సభ్యులు చలికాలపు శనివారాల్లో బురద, గడ్డి, ఎత్తుపల్లాల మీద కలిసి పరుగెత్తేవారు. నేటికీ విక్టోరియాలో జెల్స్ పార్క్, బుండూరా పార్క్ వంటి చోట్ల చలికాలపు క్లబ్బు పోటీలు జరుగుతాయి. పద్నాలుగేళ్ల పిల్లల నుంచి డెబ్బై దాటినవారి దాకా ఒకే క్లబ్బు రంగుల్లో దిగుతారు. జట్టుకు ఒకరు తక్కువైతే రిలే ఆగిపోతుంది. కాబట్టి వాన పడుతోందని ఇంట్లో ఉండిపోవడం అంత తేలిక కాదు.

సామాన్యుల పెద్ద పందేలు కూడా ఈ కాలం చుట్టూనే అల్లుకున్నాయి. 1979లో మొదలైన గోల్డ్‌కోస్ట్ మారథాన్ జూలైలో జరుగుతుంది. 1971లో పుట్టిన సిటీ టు సర్ఫ్ ఇప్పుడు ఆగస్టులో జరుగుతోంది. సిడ్నీ నడిబొడ్డు నుంచి బాండై సముద్రతీరం దాకా 14 కిలోమీటర్ల ఈ పరుగులో పదుల వేలమంది పాల్గొంటారు. 2025 ఆగస్టు 31న జరిగిన సిడ్నీ మారథాన్‌తో ఆ పందెం ప్రపంచపు మేటి మారథాన్ల వరుసలో చేరింది. 1978 నుంచి సాగుతున్న మెల్‌బోర్న్ మారథాన్ అక్టోబరులో జరుగుతుంది. దానికి కావలసిన దూరాలన్నీ రన్నర్లు జూన్ నుంచి ఆగస్టు దాకా చలిలోనే పూర్తిచేయాలి.

దారి వేసినవారు

ఈ సాధనకు ఆస్ట్రేలియాలో పేరున్న గురువులు, శిష్యులు ఉన్నారు. 1950లలో పెర్సీ సెరుట్టీ మెల్‌బోర్న్‌కు దక్షిణాన, సముద్రపు గాలి ఈడ్చికొట్టే పోర్ట్‌సీలో శిబిరం నడిపాడు. ఇసుకదిబ్బలు ఎక్కి దిగడం, బరువులెత్తడం, సముద్రంలో ఈదడం అక్కడి దినచర్య. ఆ దిబ్బల మీద తయారైన హెర్బ్ ఎలియట్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లను 3 నిమిషాల 35.6 సెకన్లలో ముగించి, స్వర్ణంతో పాటు ప్రపంచ రికార్డు సాధించాడు. పెద్దల స్థాయిలో మైలు, 1500 మీటర్ల పందేల్లో అతడు ఎన్నడూ ఓడలేదు. మెల్‌బోర్న్‌లో అకౌంటెంట్‌గా పనిచేసిన రాన్ క్లార్క్ ఉద్యోగం చూసుకుంటూనే సాధన చేశాడు. 1965లో 10,000 మీటర్లను 28 నిమిషాల లోపు ముగించిన తొలి మనిషి అతడే. డాండెనాంగ్ కొండల్లోని ఫెర్నీ క్రీక్ దగ్గర ఆదివారం పొద్దున్నే బృందంగా సాగే దూరపు పరుగు మెల్‌బోర్న్ రన్నర్ల తరాలకు ఆనవాయితీ అయింది. ఎత్తైన యూకలిప్టస్ చెట్ల కింద, తడినేల మీద, మాట్లాడుకుంటూ సాగే నింపాది పరుగు అది.

విక్టోరియాలో చలికి పేరుపడ్డ బల్లారట్ పట్టణం నుంచి వచ్చిన స్టీవ్ మోనెగెట్టి 1990లో బెర్లిన్ మారథాన్ గెలిచాడు. అతడి పేరిట ప్రసిద్ధమైన ‘మోనా ఫార్ట్‌లెక్’ సరిగ్గా 20 నిమిషాల సాధన. 90 సెకన్ల వేగపు పరుగు రెండుసార్లు, 60 సెకన్లది నాలుగుసార్లు, 30 సెకన్లది నాలుగుసార్లు, 15 సెకన్లది నాలుగుసార్లు చేయాలి. ప్రతి వేగపు పరుగు తర్వాత అంతే సేపు మెల్లగా పరుగెత్తాలి. మధ్యలో ఆగి నిలబడటం ఉండదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. చలికాలానికి ఈ పద్ధతి అచ్చంగా అతికినట్టు ఉండటానికి కారణం ఇదే.

వీరందరికంటే జనం నోళ్లలో ఎక్కువగా నానిన పేరు క్లిఫ్ యంగ్. విక్టోరియాలో వానలు బాగా కురిసే ఆట్వే కొండల రైతు, బంగాళాదుంపలు పండించేవాడు. పొలంలో గమ్‌బూట్లు వేసుకునే పరుగెత్తేవాడు. 1983లో 61 ఏళ్ల వయసులో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు 875 కిలోమీటర్ల పందేన్ని 5 రోజుల 15 గంటల్లో ముగించి, కుర్రవాళ్లను వెనక్కి నెట్టాడు. ఈడ్చుకుంటూ వేసినట్టుండే అతడి చిన్నచిన్న అడుగులను తర్వాత ఎందరో దూరపు రన్నర్లు అనుసరించారు.

ఒంటికి ఏం కావాలి

చలి పరుగులో మొదటి మెలకువ బట్టలది. నూలు టీషర్టు చెమటను పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది, గాలి తగలగానే మంచులా చల్లబడుతుంది. ఒంటిని ఆనుకునే పొర పాలిస్టర్‌దో, సన్నని మెరినో ఉన్నిదో అయితే చెమట బయటికి పోతుంది. దానిమీద పొడవు చేతుల చొక్కా ఒకటి, గాలీ జల్లూ ఉన్నరోజు పైన పల్చని జాకెట్ వేసుకుంటే మెల్‌బోర్న్ చలికి చాలు. బయట ఉన్నదానికంటే పది డిగ్రీలు ఎక్కువ వేడి ఉందనుకుని బట్టలు ఎంచుకోవాలన్నది రన్నర్లు పాటించే లెక్క. బయలుదేరిన మొదటి పది నిమిషాలు కాస్త వణికితే బట్టలు సరిపోయినట్టే. చేతులు, చెవులు ముందుగా చల్లబడతాయి కాబట్టి గ్లవ్స్, చెవులు కప్పే టోపీ వెంట ఉండాలి. వేడెక్కాక తీసి జేబులో పెట్టుకోవచ్చు.

చల్లబడ్డ కండరాలు బిగుసుకుని ఉంటాయి. ఇంట్లోనే ఐదు నుంచి పది నిమిషాలు మోకాళ్లు ఎత్తి నడవడం, నడుము తిప్పడం, గుంజీలు తీయడం చేసి గడప దాటితే తొలి కిలోమీటరు బాధించదు. తెలుగువారికి అలవాటైన సూర్యనమస్కారాలు నాలుగైదు వరసలు చేసినా ఈ పని జరుగుతుంది. ఆ తర్వాత కూడా మొదటి కిలోమీటరు మెల్లగానే సాగాలి.

చల్లని పొడిగాలి కొందరిలో శ్వాసనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. ముక్కూ నోరూ కప్పేలా పల్చని గుడ్డ చుట్టుకుంటే లోపలికి పోయే గాలి కాస్త వెచ్చబడి, తేమ పట్టుకుంటుంది. ఉబ్బసం ఉన్నవారు డాక్టరు చెప్పిన ప్రకారం మందు వాడుకుని, ఇన్‌హేలర్ వెంట ఉంచుకుని పరుగుకు దిగాలి.

గాలిని లెక్కలో పెట్టుకుని దారి ఎంచుకోవడం మరో ఒడుపు. వెళ్లేటప్పుడు ఎదురుగాలికి, తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపుకు తగిలేలా పరుగెత్తాలి. చెమటతో తడిసిన ఒంటితో ఎదురుగాలిలో పడితే వేడి త్వరగా పోతుంది. పరుగు ముగియగానే తడిబట్టలు మార్చుకోవడం కూడా ఇందుకే. తడిసిన బూట్లలో పాత న్యూస్‌పేపర్లు కుక్కి రాత్రంతా ఉంచితే అవి చాలావరకు ఆరతాయి. హీటర్ ముందు పెడితే అడుగు అట్ట పైకి లేస్తుంది, అతుకు వదులుతుంది.

చలిలో దాహం అంతగా తెలియదు, చెమట పట్టినా ఆరిపోయి కనిపించదు. గంట దాటిన పరుగుకు ముందూ వెనకా నీళ్లు తాగడం గుర్తుపెట్టుకోవాలి.

చీకటి, ఎండ, పక్షులు

చీకట్లో పరుగెత్తేవారు వాహనాలకు కనిపించడం ముఖ్యం. వెలుతురు పడితే మెరిసే పట్టీలున్న జాకెట్, నుదుటి టార్చ్ అక్కడి రన్నర్ల మామూలు సామగ్రి. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురొచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడిపక్కన పోవాలి. మెల్‌బోర్న్‌లో బొటానిక్ గార్డెన్స్ చుట్టూ 3.8 కిలోమీటర్ల ‘ద టాన్’ బాట, బల్లారట్‌లో వెండూరీ సరస్సు చుట్టూ 6 కిలోమీటర్ల బాట ఎప్పుడూ మనుషులున్న దారులు. కొత్తగా వచ్చినవారు అలాంటిచోట మొదలుపెట్టడం క్షేమం. తడిసిన ఆకులు, రోడ్డుమీది తెల్లగీతలు, మంచు పట్టిన చెక్కవంతెనలు జారుతాయి. అక్కడ అడుగులు పొట్టివి వేయాలి.

వీలున్నవారికి మధ్యాహ్న భోజన విరామం మేలైన సమయం. మే నుంచి ఆగస్టు దాకా మెల్‌బోర్న్‌లో అతినీలలోహిత సూచీ చాలావరకు 3 లోపే ఉంటుంది కాబట్టి చర్మానికి భయం తక్కువ. శరీరానికి డి విటమిన్ కూడా అందుతుంది. నల్లని, చామనఛాయ చర్మానికి దాన్ని తయారుచేసుకోవడానికి ఎక్కువసేపు ఎండ కావాలి. బ్రిస్బేన్‌లో మాత్రం చలికాలంలోనూ సూచీ 3 దాటుతుంది. అక్కడ సన్‌స్క్రీన్, టోపీ తప్పవు.

ఆగస్టులో మాగ్‌పై పక్షులు గూళ్లు కట్టడం మొదలుపెడతాయి. గూటి దగ్గరికి వచ్చినవారి తలమీదికి దూసుకొస్తాయి. అలాంటి చెట్టు తెలిస్తే కొన్నివారాలు దారి మార్చుకోవడమే ఉపాయం.

వారపు క్రమం

ఆస్ట్రేలియా ఆరోగ్యశాఖ సూచన ప్రకారం పెద్దలకు వారానికి రెండున్నర నుంచి ఐదు గంటల మధ్యస్థ వ్యాయామం, లేదా గంటంపావు నుంచి రెండున్నర గంటల గట్టి వ్యాయామం కావాలి. దాంతోపాటు రెండు రోజులైనా కండరాల బలానికి కసరత్తు ఉండాలి. ఆదివారం నింపాదిగా దూరపు పరుగు, వారం మధ్యలో ఒక ఫార్ట్‌లెక్, ఒకటి రెండు తేలిక పరుగులు ఉంటే ఈ లెక్క నిండుతుంది. కసరత్తు రోజులను తుఫాను గాలి వీచే రోజులకు మార్చుకోవచ్చు. గుంజీలు, దండీలు, మడమలెత్తి దించడం, మెట్లు ఎక్కి దిగడం ఇంట్లోనే చేయొచ్చు.

చలికాలం ఫ్లూ కాలం కూడా. టీకా ఏప్రిల్, మే నెలల్లో వేయించుకుంటారు. ముక్కు కారడం వరకే అయితే మెల్లని పరుగుకు అడ్డులేదు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే పూర్తిగా తగ్గేదాకా విశ్రాంతే. నాలుగు రోజులు మానితే పోయే సత్తువ చాలా తక్కువ, జ్వరంతో పరుగెత్తితే గుండెకే ముప్పు.

నియమం, తోడు

ఈ సంప్రదాయమంతా చివరికి ఒక సూత్రం మీద నిలుస్తుంది. పరుగెత్తాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆనాటి వాతావరణానికి వదలకూడదు. రోజు, వేళ, చోటు, తోడు ముందే ఖాయమై ఉండాలి. 1929లో పుట్టిన బాండై ఐస్‌బర్గ్స్ ఈతక్లబ్బు దీన్ని రాతపూర్వక నియమంగానే పెట్టుకుంది. సభ్యత్వం నిలవాలంటే చలికాలపు నెలకు నాలుగు ఆదివారాల్లో మూడింట, వరసగా ఐదేళ్లపాటు ఈదాలి. 2011 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్‌లో మొదలై దేశమంతా పాకిన పార్క్‌రన్ అదే పనిని మెత్తగా చేస్తుంది. ప్రతి శనివారం ఉచితంగా 5 కిలోమీటర్లు. క్వీన్స్‌లాండ్‌లో ఉదయం 7 గంటలకు, విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లో 8కి మొదలవుతుంది. నడిచేవారికీ చోటుంది, చివరి మనిషి వచ్చేదాకా వాలంటీర్లు ఉంటారు.

2021 జనగణన నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేలమంది. జూలై సెమిస్టరుకు హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వచ్చే విద్యార్థి నేరుగా నడిచలిలో దిగుతాడు. మొదటి వారాల్లో గదికే పరిమితమవడం సహజం. అలాంటివారికి పార్క్‌రన్ ఖర్చులేని ప్రవేశద్వారం. వెలుగు, కదలిక, పలకరించే నలుగురు మనుషులు ఒకే గంటలో దొరుకుతారు. మొదటి వారం నడక, తర్వాత నడకా పరుగూ కలిపి, ఆగస్టు నాటికి ఆగకుండా 5 కిలోమీటర్లు అన్న క్రమం చాలామందికి అందుతుంది. ఇప్పటికే పరుగెత్తేవారికి సెప్టెంబరు వచ్చేసరికి చలికాలపు కిలోమీటర్లు కాళ్లలో నిలిచి ఉంటాయి. అక్టోబరు మారథాన్‌కు ముందు రెండు మూడు వారాలు దూరం తగ్గించి విశ్రాంతి తీసుకోవడమే ఇక మిగిలే పని.