కృతిభర్త నుంచి కృతజ్ఞతల పుట దాకా: స్వతంత్ర సైనిక వైమానిక చరిత్ర గ్రంథాల పోషణ, ప్రామాణికత

ప్రస్తావన

సైనిక వైమానిక చరిత్ర ఖర్చుతో కూడుకున్న రచనా ప్రక్రియ. పాత ఛాయాచిత్రాలను సేకరించాలి, వాటిని నాణ్యమైన కాగితంపై ముద్రించాలి. విమానాల రంగుల చిత్రాలు గీయించాలి. దేశంలోని పలు ఊళ్లలో స్థిరపడిన విశ్రాంత వైమానికులను వెతికి కలుసుకోవాలి. ఇంత చేసినా ఈ గ్రంథాలు కొని చదివేవారు కొద్దిమందే. అందువల్ల ఈ రంగంలో స్వతంత్రంగా రాసేవారు మూడు దారుల్లో ఏదో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది. మొదటిది వైమానిక దళం చూపే ఆదరణను స్వీకరించడం. రెండవది సొంతంగా ఒక సంస్థను నెలకొల్పి దాని ద్వారా ప్రచురించడం. మూడవది పాఠకుల ముందస్తు చందాలతోనో, వాణిజ్య ప్రచురణకర్త ద్వారానో ముద్రించడం.

ఈ మూడు దారులూ గ్రంథ స్వరూపంపై తమ ముద్ర వేస్తాయి. ఎవరి సహాయంతో పుస్తకం వెలువడిందన్న ప్రశ్నకూ, అందులోని ఏ మాటను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్నకూ ఉన్న సంబంధాన్ని 1965 భారత్-పాకిస్తాన్ వైమానిక యుద్ధంపై వెలువడిన ప్రధాన గ్రంథాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిశీలనకు తెలుగు సాహిత్యంలోని అవతారికా సంప్రదాయం ఒక ఉపకరణంగా పనికివస్తుంది.

అవతారిక నేర్పే పఠన పద్ధతి

తెలుగు ప్రబంధ కవి తన పోషకుణ్ణి దాచలేదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ సెట్టికి అంకితమిచ్చినప్పుడు ఆ వర్తకుని వంశాన్ని, కుమారగిరి రెడ్డి ఆస్థానంతో అతనికున్న సంబంధాన్ని, సముద్ర వాణిజ్యాన్ని అవతారికలోనే వర్ణించాడు. కావ్యం ఎవరి ధనంతో వెలసిందో పాఠకునికి కథ మొదలవక ముందే తెలుస్తుంది. మనుచరిత్ర అవతారికలో మరో విశేషం ఉంది. అక్కడ కృష్ణదేవరాయలే పెద్దనను ప్రశంసించి కావ్యం చెప్పమని కోరతాడు. ఆ ప్రశంసను పద్యంగా కూర్చినవాడు పెద్దనే. తన ప్రతిభను తానే చెప్పుకోవడంలోని అనౌచిత్యాన్ని పోషకుని నోట పలికించడం ద్వారా కవి పరిహరించాడు. ఆత్మప్రచారం, పోషణ ఒకే ఘట్టంలో కలిసే తీరుకు ఇది చక్కని ఉదాహరణ.

ఆధునిక యుద్ధచరిత్ర గ్రంథంలో అవతారిక స్థానాన్ని మూడు భాగాలు ఆక్రమించాయి. విశ్రాంత ఎయిర్ మార్షల్ రాసిన తొలిపలుకు, కృతజ్ఞతల పుట, వెనుక అట్టపై అచ్చయ్యే అభిప్రాయాలు ఆ మూడు. పెద్దన రాయలచేత పలికించిన మాటలకూ, వెనుక అట్టపై సేనాధికారి చెప్పే మాటలకూ ప్రయోజనం ఒకటే. తేడా ఒక్కటి ఉంది. అవతారిక కావ్యంలో భాగం, దాన్ని కావ్యంతో పాటే చదివేవారు. కృతజ్ఞతల పుటను నేటి పాఠకుడు, చాలాసార్లు విమర్శకుడు కూడా, చదవకుండా దాటేస్తాడు. చారిత్రక గ్రంథ విమర్శ మొదలు కావలసిన చోటు అదే.

దాత నామం బహిరంగంగా ఉండే సంప్రదాయం వైమానిక చరిత్రలో కూడా కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళంతో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు సమకూరాయి. ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాదు శాశ్వతంగా చేరింది. ప్రతి విమానంపైనా దాత పేరు రాశారు. 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కిన ఎఫ్ 1010 విమానం నేటికీ మిగిలి ఉంది. అది చాలాకాలం పోలండ్‌లోని క్రాకోలో ఉండి, 1977లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకు చేరింది. దానిపైని అక్షరాలు చూసినవారికి ఆ విమానం ఎవరి సొమ్ముతో వచ్చిందన్న సందేహం రాదు. చరిత్ర గ్రంథం విషయంలోనూ పాఠకునికి ఇంతటి స్పష్టత దక్కాలి.

ఆతిథ్యం పొందిన గ్రంథం: జాన్ ఫ్రికర్

బ్రిటిష్ వైమానిక పాత్రికేయుడు జాన్ ఫ్రికర్ 1965 యుద్ధంపై రాసిన ‘బ్యాటిల్ ఫర్ పాకిస్తాన్’ 1979లో వెలువడింది. దీనికి పాకిస్తాన్ వైమానిక దళ సహకారం లభించింది. ఆ దళం సమకూర్చిన వివరాలు, ఆ వైమానికుల కథనాలు గ్రంథానికి ప్రధాన ఆకరాలు. భారతీయ పాఠకులలో చాలామంది దీన్ని పరపక్ష ప్రచారంగానే భావించారు. ఆ భావనకు కారణం లేకపోలేదు. 1965 సెప్టెంబరు 7న సర్గోధా వద్ద ఎం.ఎం. ఆలం నిమిషం లోపే అయిదు హంటర్లను కూల్చాడన్న పాకిస్తాన్ కథనం విశేష ప్రచారం పొందింది. భారత పక్షం నష్టాల వివరాలు ఆ సంఖ్యను సమర్థించవు. ఆతిథ్యమిచ్చినవారి విజయగాథలను ఎదుటి పక్షం నష్టాల పట్టికతో సరిపోల్చకుండా స్వీకరించడం ఈ రకం గ్రంథాలకు సహజమైన దోషం.

అయితే అదే రోజు, అదే సర్గోధాకు సంబంధించిన మరో ఘటన ఈ గ్రంథం విలువను భిన్నంగా నిర్ణయిస్తుంది. భారత వైమానిక దళం ఒకటవ స్క్వాడ్రన్‌కు చెందిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య మిస్టీర్ విమానంలో సర్గోధా దాడికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయనకు ఏమైందో చూసిన సహచరులు లేరు. భారతీయ దస్త్రాలలో ఆయన ఆచూకీ తెలియని వైమానికునిగానే మిగిలాడు. ఫ్రికర్ గ్రంథం ఒక పాకిస్తానీ స్టార్‌ఫైటర్‌ను ఆ రోజు ఒక మిస్టీర్ కూల్చిందని వెల్లడించింది. స్టార్‌ఫైటర్ ధ్వనికి రెట్టింపు వేగం అందుకోగల విమానం. మిస్టీర్ దానికంటే ఒక తరం వెనుకటిది. ఆ దాడిలో తిరిగి రాని మిస్టీర్ దేవయ్యదే కనుక ఆ పోరాటం చేసినవాడు ఆయనేనని భారత పక్షం నిర్ధారించుకోగలిగింది. 1988లో, అంటే 23 సంవత్సరాల తర్వాత, ఆయనకు మరణానంతరం మహావీర చక్ర లభించింది.

ఈ ఘటన విమర్శకునికి ఒక ప్రమాణాన్ని ఇస్తుంది. తన ప్రయోజనానికి విరుద్ధంగా చెప్పిన మాటకు ఎక్కువ విలువ ఇవ్వడం సాక్ష్య విచారణలో చిరకాలంగా ఉన్న సూత్రం. పోషకుని ప్రతిష్ఠను పెంచే వాక్యానికి అదనపు సాక్ష్యం కావాలి. పోషకునికి ఇబ్బంది కలిగించే వాక్యం అదే పోషకుని దస్త్రాల నుంచి వచ్చినప్పుడు దాని బరువు పెరుగుతుంది. కాబట్టి పోషణ పొందిన గ్రంథాన్ని మొత్తంగా తిరస్కరించడం గానీ, మొత్తంగా ఆమోదించడం గానీ సరైన పద్ధతి కాదు. వాక్యానికీ పోషకునికీ ఉన్న సంబంధాన్ని విడివిడిగా తూచవలసి ఉంటుంది. దేవయ్య విషయంలో ఫ్రికర్ గ్రంథాన్ని ప్రచారమని పక్కన పెట్టి ఉంటే ఒక వీరుని చివరి పోరాటం తెలియకుండానే పోయేది.

సొంత సంస్థ, సొంత ప్రచురణ

రచయితే ప్రచురణకర్త కావడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. ప్రతులు దొరికే చోటుగా రచయిత ఇంటి చిరునామానే అచ్చువేసిన పుస్తకాలు తెలుగులో లెక్కకు మిక్కిలి. భారతీయ వైమానిక చరిత్రలో ఈ దారిని స్థిరమైన సంస్థగా మలచినవాడు పుష్పిందర్ సింగ్. ఆయన ఢిల్లీలో సొసైటీ ఫర్ ఏరోస్పేస్ స్టడీస్‌ను, వాయు పత్రికను నడిపారు. రవి రిఖ్యే, పీటర్ స్టైనెమన్‌లతో కలిసి ఆయన రాసిన ‘ఫిజాయా’ 1991లో ఆ సంస్థ ప్రచురణగా వచ్చింది. పాకిస్తాన్ వైమానిక దళ చరిత్రను ఢిల్లీ నుంచి ప్రచురించడం సాహసమే. ఏ దేశపు సైనిక కార్యాలయమూ తనంత తానుగా పూనుకోని పనిని ఒక స్వతంత్ర సంస్థ చేయగలిగింది.

అదే సంస్థ నుంచి వచ్చిన ‘హిమాలయన్ ఈగిల్స్’ మూడు సంపుటాల రచన. ఇది 2007లో, భారత వైమానిక దళం 75 ఏళ్లు పూర్తి చేసుకున్న సందర్భంలో వెలువడింది. ఉత్సవ సందర్భం దానికదే ఒక అదృశ్య పోషకుడు. ఉత్సవ గ్రంథంలో విస్తృతికి, చిత్రసంపదకు, క్రమబద్ధతకు అవకాశం ఎక్కువ. వైఫల్యాల విశ్లేషణకు అవకాశం తక్కువ. పైగా రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త ఒకరే అయినచోట రాతప్రతిని నిరాకరించే అధికారం ఎవరికీ ఉండదు. స్వీయ ప్రచురణకు బలమూ బలహీనతా ఇక్కడే ఉన్నాయి.

ఈ బలహీనతను సభ్యత్వ సంఘాలు కొంతవరకు అధిగమించాయి. బ్రిటన్‌లోని ఎయిర్-బ్రిటన్ సంఘం దశాబ్దాలుగా విమానాల క్రమసంఖ్యలు, స్క్వాడ్రన్ల చరిత్రలు వంటి గ్రంథాలను ప్రచురిస్తోంది. కొనేవారు, సమాచారం అందించేవారు, తప్పులు దిద్దేవారు ఒకే సంఘంలో ఉంటారు. చందాదారుడే పరీక్షకుడు కావడం వల్ల పొరపాటు ఎక్కువకాలం నిలవదు. అయితే ఇటువంటి ప్రచురణలు పట్టికలలో సాధించినంత కచ్చితత్వాన్ని యుద్ధ కారణాల చర్చలో సాధించడం అరుదు. సభ్యులు ఏకాభిప్రాయానికి రాగల విషయాలకే అవి మొగ్గుతాయి.

అధికారిక మౌనం, స్వతంత్ర గళం

భారత రక్షణ మంత్రిత్వ శాఖ 1965 యుద్ధంపై సిద్ధం చేయించిన అధికారిక చరిత్ర 1992లో పూర్తయినా పరిమిత పంపిణీకే లోబడింది. 2000లో అది పత్రికాముఖంగా బయటపడింది. యుద్ధ దస్త్రాల విడుదలకు, చరిత్రల సంకలనానికి సంబంధించిన విధానాన్ని ఆ శాఖ 2021లో గానీ ప్రకటించలేదు. ఈ మౌనం నేపథ్యంలో పి.వి.ఎస్. జగన్‌మోహన్, సమీర్ చోప్రాల ‘ద ఇండియా-పాకిస్తాన్ ఎయిర్ వార్ ఆఫ్ 1965’ గ్రంథాన్ని చూడాలి. ఇది 2005లో ఢిల్లీకి చెందిన మనోహర్ ప్రచురణగా వచ్చింది. రచయితలు వృత్తి చరిత్రకారులు కారు. చోప్రా తత్త్వశాస్త్ర ఆచార్యుడు, వైమానికుని కుమారుడు.

ఈ గ్రంథం ప్రధాన గుణం నష్టాలను దాచకపోవడం. సెప్టెంబరు 1న ఛంబ్ రంగంలో కూలిన వాంపైర్లు, 6న పఠాన్‌కోట్‌లో, 7న కలైకుండాలో నేలపైనే ధ్వంసమైన విమానాలు ఇందులో వివరంగా నమోదయ్యాయి. సైనిక కార్యాలయం గ్రంథం కాకపోవడం వల్ల ఈ నిర్మొహమాటం సాధ్యమైంది. అయినా ఈ గ్రంథానికి కూడా ఒక రకమైన ఋణం ఉంది. విశ్రాంత వైమానికుల జ్ఞాపకాలు దీనికి ప్రాణం. నలభై ఏళ్లనాటి సంగతి చెప్పిన వ్యక్తిపై గౌరవం, ఆ సంగతిని ప్రశ్నించవలసిన బాధ్యత రచయితలో ఒకదానితో ఒకటి ఘర్షిస్తాయి. పైగా పాకిస్తాన్ వైమానిక దళ దస్త్రాలు భారతీయ రచయితలకు అందవు. ఆ లోటును తీర్చేవి ఫ్రికర్ వంటివారి గ్రంథాలు, సరిహద్దు అవతలి స్వీయచరిత్రలు. పఠాన్‌కోట్ దాడికి నాయకత్వం వహించిన సజ్జాద్ హైదర్ 2009లో ప్రచురించిన ‘ఫ్లైట్ ఆఫ్ ద ఫాల్కన్’ తన దళ నాయకత్వాన్నే తీవ్రంగా విమర్శించింది. ముందు చెప్పిన సాక్ష్య సూత్రం దృష్ట్యా అటువంటి రచనలకు ప్రాముఖ్యం ఎక్కువ.

సంతకం విలువ

చిన్న ప్రచురణకర్తలు ఇటీవల అనుసరిస్తున్న ఒక పద్ధతి ప్రత్యేకంగా గమనించదగింది. యుద్ధంలో పాల్గొన్న వైమానికుల సంతకాలతో పరిమిత ప్రతులు ముద్రించి, వాటిని ఎక్కువ ధరకు అమ్మి, సాధారణ ప్రతుల ముద్రణ వ్యయాన్ని భరిస్తున్నారు. ఆర్థికంగా ఇది వివేకమైన ఏర్పాటు. కానీ సంతకం చేసిన వ్యక్తి గ్రంథానికి సాక్షి కూడా అయినప్పుడు అతని కథనాన్ని ఖండించే స్వేచ్ఛ రచయితకు కుంచించుకుపోతుంది. సాక్షి, పోషకుడు, ప్రచారకుడు ఒకే వ్యక్తిలో కలిసిపోతారు. అటువంటి గ్రంథంలో సంతకం చేసినవారి అధ్యాయాలను, చేయనివారి అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదివితే రచయిత ఎంత స్వతంత్రంగా ఉండగలిగాడో తెలుస్తుంది.

ఆత్మప్రచారాన్ని మాత్రం దోషంగా ఎంచడం న్యాయం కాదు. ప్రచురణ సంస్థ చేయవలసిన పనిని రచయిత చేయక తప్పని రంగం ఇది. సభలలో ప్రసంగించడం, తన పుస్తకం గురించి తానే పత్రికలకు రాయడం, ముందస్తు చందాలు కోరడం గ్రంథ మనుగడకు అవసరం. ప్రచారంలో చెప్పిన మాటకు గ్రంథంలో ఆధారం ఉందా అన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. పోషణ గ్రంథ ప్రామాణికతను రద్దు చేయదు, కానీ ప్రతి వాక్యం బరువును మారుస్తుంది. స్వీయ ప్రచురణ అధికారిక మౌనాన్ని ఛేదించగలదు, కానీ బయటి పరీక్షకుడు లేనిచోట రచయితే ఆ పాత్రను వహించాలి. విశ్రాంత సైనికుని ఆదరం కూడా పోషణే, ధనరూపంలో లేకపోవడం వల్ల అది సులభంగా కంటపడదు.

కనుక స్వతంత్ర సైనిక వైమానిక చరిత్ర గ్రంథాలు తమ ముద్రణ వ్యయం ఎలా సమకూరిందో, ఏ దస్త్రాలు ఎవరి అనుమతితో చూశారో, రాతప్రతిని ముందుగా ఎవరు చదివారో పీఠికలోనే తెలపడం మేలు. శ్రీనాథుడు తిప్పయ సెట్టి పేరు చెప్పినందువల్ల హరవిలాసం విలువ తగ్గలేదు. పోషకుని పేరు ముందే తెలిసిన పాఠకుడు ఏ స్తుతిని ఎంతవరకు స్వీకరించాలో తానే నిర్ణయించుకున్నాడు. యుద్ధంలో మరణించినవారి గురించి, తిరిగి రానివారి గురించి చెప్పే గ్రంథాల విషయంలో పాఠకునికి ఆ అవకాశం మరింత అవసరం.