కుటుంబ ఛాయాచిత్రాన్ని చదవడం: వైరా కట్ట మీది ఫొటోలు

మీ ఇంటి పాత ఆల్బమ్‌ను ఒకసారి ముందు పెట్టుకోండి. ఖమ్మం ప్రాంతం వారైతే అందులో వైరా జలాశయం కట్ట మీద దిగిన ఫొటో ఒకటి ఉండవచ్చు.

1930 నాటి ఈ జలాశయాన్ని సాగునీటి కోసం కట్టారు. దాన్ని విహారస్థలం చేసుకున్నది కుటుంబాలు. అమెరికాలో 1955లో ప్రారంభమైన డిస్నీలాండ్‌లో ఎక్కడ నిలబడి ఫొటో తీయాలో తరువాతి కాలంలో కొడాక్ బోర్డులే చూపించాయి. కట్ట మీద ఆ చోటును ఇంటివారే ఎంచుకోవాలి. ఆ ఎంపికే మన విమర్శకు మొదటి ఆధారం.

అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలుకు 12 ఫొటోలే వచ్చేవి. కాబట్టి ఎవరిని మధ్యన కూర్చోబెట్టారు, ఎవరిని అంచున నిలిపారు అన్నది గమనించండి. కెమెరా పట్టినవారు ఫొటోలో ఉండరు. ఒక్కోసారి వారి నీడ మాత్రం నేల మీద పడుతుంది.

ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1980లో వెలువడిన తన ఛాయాచిత్ర గ్రంథంలో తల్లి చిన్ననాటి ఫొటో గురించి ఎంతో రాశాడు గాని, దాన్ని అచ్చు వేయలేదు. పరాయివారికి అది మామూలు బొమ్మే అని ఆయన వాదన. దీనిని నేను సగమే అంగీకరిస్తాను. ఆ ప్రేమ పరాయివారికి అందదు. ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో మాత్రం కొంత అందుతుంది. అయితే నవ్వును బట్టి సంతోషాన్ని తీర్మానించకండి. నవ్వమని చెప్పింది కెమెరా పట్టినవారు కావచ్చు.

పేర్లు తెలియకపోతే ఈ పఠనం అక్కడే ఆగిపోతుంది. చెప్పగల పెద్దలు ఉండగానే అడిగి, ఫొటో వెనుక పెన్సిలుతో రాయండి. ఈ పాఠానికి మొదటి అభ్యాసం అదే.