లోహం లేని ఇంప్లాంటు: మాటలో ఎంత, మేకులో ఎంత?

దంతవైద్యశాలల ప్రకటనల్లో ఇప్పుడు 'లోహరహిత ఇంప్లాంటు' అనే మాట కనిపిస్తోంది. ఊడిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే మరమేకు టైటానియంతో కాక, జిర్కోనియా అనే తెల్లని పింగాణితో చేసినదని దీని భావం.

ఒకసారి ఆవర్తన పట్టిక తీసి చూడండి. జిర్కోనియం కూడా లోహమే, టైటానియం కింది గడిలోనే ఉంటుంది. మన భీమిలి ఇసుకలో రెండింటి ఖనిజాలూ కలిసే దొరుకుతాయి. జిర్కోనియా ఆ లోహపు ఆక్సైడు. తుప్పును ఇనుము అంటామా అని మీరు అడగవచ్చు. అనం. కానీ టైటానియానికి గాలి తగలగానే దాని మీద కొద్ది నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఎముకకు తగిలేది ఆ పొరే. అంటే అక్కడా ఒక రకం పింగాణే!

కాబట్టి అసలు తేడా లోహంలో లేదు, విరగడంలో ఉంది. 1960, 70 దశకాల్లో అల్యూమినా పింగాణితో చేసిన ఇంప్లాంట్లు నమిలే ఒత్తిడికి విరిగి వెనకబడ్డాయి. జిర్కోనియా అంత పెళుసు కాదు. దానిలో బీట మొదలైతే, బీట కొస దగ్గర స్ఫటికాలు రూపం మార్చుకుని సుమారు 4 శాతం ఉబ్బి, బీటను నొక్కి ఆపుతాయి. 1975లో ఈ గుణాన్ని వెల్లడించిన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తమ వ్యాసానికి 'సిరామిక్ ఉక్కు?' అని పేరు పెట్టారు. ఆ ప్రశ్నార్థకం ప్రకటనల్లో కనబడదు. ఎందుకు కావాలంటే, తేమలో ఇదే మార్పు బీట లేకుండానే ఉపరితలం నుంచి మెల్లగా పాకుతుంది. తుంటి కీలులో అమర్చే జిర్కోనియా బంతులు వందల సంఖ్యలో పగలడంతో 2001లో వాటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తయారీలో వేడిచేసే పద్ధతి మార్చడమే అందుకు కారణమని తేలింది. ఆ తరువాత తయారీ మెరుగుపడిన మాట నిజమే.

చిగురు పలచగా ఉన్న ముందు పళ్ల దగ్గర టైటానియం బూడిదరంగు ఛాయ కనబడుతుంది. అక్కడ తెల్ల మేకు నిజంగా మేలు. కానీ చాలా పింగాణి ఇంప్లాంట్లలో మేకూ, పైభాగమూ ఒకే ముక్క. కోణం తప్పితే సరిదిద్దడం కష్టం. విరిగితే మిగిలిన ముక్కను ఎముక తొలిచి తీయాలి. టైటానియాన్ని స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ 1965లో మొదటి రోగి దవడలో అమర్చాడు. ఆ అనుభవంతో పోలిస్తే జిర్కోనియాది చిన్న వయసు.

టైటానియం పడనివారు అరుదు. "మీకు లోహం పడదు" అని ఎవరైనా అంటే, ఏ పరీక్షలో తేలిందని అడగండి. ఈ ఇంప్లాంటును ఎన్నేళ్లపాటు, ఎంతమంది రోగుల్లో పరిశీలించారో, విరిగితే తీసే ఖర్చు ఎవరిదో కూడా డబ్బు కట్టకముందే అడగండి.